రుచి కలపని వే కాన్సంట్రేట్: దూరపు పరుగు తర్వాత ఎంత వరకు పనికొస్తుంది?

వే కాన్సంట్రేట్ అంటే పాలు విరిచాక మిగిలే నీటి నుంచి తీసిన ప్రోటీన్ పొడి. 80 శాతం ప్రోటీన్ ఉన్న రకం డబ్బాలో 30 గ్రాముల స్కూపుకు 24 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. పరుగో సైక్లింగో ముగిశాక శరీర బరువు కిలోకు 0.3 నుంచి 0.5 గ్రాములు చాలు. 55 కిలోల అమ్మాయికి 17-27 గ్రాములు, అంటే ఒక స్కూపు. 70 కిలోల అబ్బాయికి 21-35. ఒక స్కూపు, పావు లీటరు పాలు కలిపితే 32 దాకా వస్తుంది. తేడా ప్రధానంగా బరువుది, ఆడా మగా అన్నదాని వల్ల కాదు. అందుకే 'ఫర్ విమెన్' అని గులాబీ రంగు డబ్బాకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. అందులో కొలాజెన్ (చర్మం, ఎముకల్లో ఉండే ప్రోటీన్) కలిపి ఉంటే ఇంకా నష్టం: కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం ఉండదు, కండరం పెరిగేలా పురిగొల్పే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కూడా తక్కువే.

నీళ్లు ముందు, పొడి తర్వాత పోయాలి. తిరగేస్తే అడుగున ఉండ కడుతుంది. వేడి పాలల్లో వేస్తే విరిగినట్టు ముద్దలవుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగనివాళ్లకు కాన్సంట్రేట్‌తో కడుపుబ్బరం రావచ్చు, వాళ్లు లాక్టోజ్ దాదాపు తీసేసిన ఐసోలేట్ రకం తీసుకోవాలి, ధర ఎక్కువైనా.

అసలు లోపం వేరు: ఇందులో పిండిపదార్థం దాదాపు లేదు. సాయంత్రం మళ్లీ పరుగుంటే మొదటి గంటలో శరీర బరువు కిలోకు 1 గ్రాము పిండిపదార్థం కావాలి, రెండు అరటిపళ్లు 50 గ్రాములే ఇస్తాయి. చాలామంది ఆ సంగతి వదిలేసి రెండో స్కూపు వేసుకుంటారు. పోటీల్లో పాల్గొనేవాళ్లు నిషేధిత మందులు లేవని పరీక్షించిన ముద్ర ఉన్న బ్యాచే కొనాలి. మూడు గుడ్లు, గ్లాసు పాలు ఇంట్లో ఉంటే 26 గ్రాములు వచ్చేస్తాయి, డబ్బా అక్కర్లేదు.