మొదటి జంపా, నలభయ్యో జంపా? ఎత్తు ఎగరడానికి ఏది మేలు?

మా పిన్ని కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం, కాలేజీ వాలీబాల్ టీంలో స్మాషర్, అంటే ఎగిరి నెట్ మీద నుంచి బంతిని అవతలికి గట్టిగా కొట్టేవాడు. మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు రాత్రి అరుగు మీద కూర్చుని, "అన్నయ్యా, మా పీడీ సారేమో పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తమంటున్నారు, జిమ్‌లో వాళ్లేమో రన్నింగ్ మానేసి స్క్వాట్లు కొట్టమంటున్నారు, యూట్యూబ్ తెరిస్తే ఒకాయన చెక్కపెట్టెల మీద నుంచి దూకుతూ కనిపిస్తాడు. ఎవరి మాట వినాలి? నాకు కావాల్సింది ఇంకో బెత్తెడు ఎత్తు, అంతే" అన్నాడు.

బెత్తెడంటే నాలుగు వేళ్ల వెడల్పు, ఏడెనిమిది సెంటీమీటర్లు. వినడానికి చిన్నదే, కానీ మగవాళ్ల నెట్ 2.43 మీటర్లు, చేయి దాని మీద ఎంత పైకి లేస్తే బంతిని అంత కిందకి వంచి కొట్టొచ్చు. బెత్తెడు తక్కువైతే అదే బంతి అవతల నెట్ దగ్గర చేతులెత్తి అడ్డుకునే బ్లాకర్ అరచేతుల్లోకి పోతుంది.

వాడికి ఆ రాత్రి చెప్పిందీ, మర్నాడు గోడ దగ్గర తేలిందీ కలిపి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను ఇంకో పదిమంది అడిగి ఉంటారు.

ముందు జంప్ అంటే ఏంటో చూడండి. ఎత్తంతా నేల వదిలే క్షణంలో ఉన్న వేగం మీదే ఆధారపడుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో లేస్తే దాదాపు 46 సెంటీమీటర్లు పైకి వెళ్తాం, 60 సెంటీమీటర్లు కావాలంటే 3.43 మీటర్ల వేగం ఉండాలి. ఆ వేగం తెచ్చుకోవడానికి కాళ్లు నేలను తోసే వ్యవధి సెకనులో మూడో వంతుకు అటూఇటూ. అంత కొద్ది సమయంలో ఆక్సిజన్‌తో పనే లేదు, కండరంలో అప్పటికే సిద్ధంగా ఉన్న ఇంధనం కాస్త ఖర్చవుతుంది, అయిపోయింది. కాబట్టి పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తే మనిషి బాగా ఎత్తు కూడా ఎగురుతాడనుకుంటే పప్పులో కాలేసినట్టే. మారథాన్ వాళ్లను వరసగా నిలబెట్టి ఎగరమంటే చాలామంది మన ఊరి స్మాషర్ కంటే కిందే ఉంటారు.

ఇది నాకు ఖర్చు పెట్టాకే తెలిసింది. ఇంటర్ పరీక్షలయ్యాక ఒక ఎండాకాలం మొత్తం కాలవ గట్టు మీద రోజూ పరిగెత్తాను, వర్షాలు పడేదాకా. మొదటి నెలలో గోడ మీద గుర్తు రెండు వేళ్లు పైకి లేచింది, సంబరపడిపోయాను. తర్వాత రెండు నెలలు అది అక్కడి నుంచి కదిలితే ఒట్టు. ఆ రెండు వేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది: నాలుగు కిలోలు తగ్గాను. అంతే. నమ్మకం కుదరకపోతే నాలుగు కిలోల బియ్యం సంచి నడుముకు కట్టుకుని ఒకసారి ఎగిరి, విప్పేసి మళ్లీ ఎగిరి చూడండి. పొట్ట మీద అదనంగా ఉన్న బరువు కూడా ఆ సంచిలాంటిదే, కాకపోతే విప్పి పక్కన పెట్టడానికి కొన్ని నెలలు పడుతుంది. తగ్గాల్సిన బరువు ఉన్నవాడికి పరుగు ఎత్తునిస్తుంది, బక్కపలచగా ఉన్నవాడికి అదే పరుగు ఏమీ ఇవ్వదు.

ఇక బరువులు. ఒక్క జంప్ గురించే మాట్లాడితే, కొత్తవాళ్లకు దీనికి మించింది లేదని నా అభిప్రాయం. తన ఒంటి బరువంత ఉన్న బార్ భుజాల మీద వేసుకుని సక్రమంగా కూర్చుని లేవలేని (స్క్వాటంటే అదే) కుర్రాడికి ప్లయోమెట్రిక్స్ గురించి, అంటే ఆ చెక్కపెట్టెల దూకుళ్ల గురించి చెప్పడం దండగ. బార్ దొరక్కపోతే బస్కీలు చాలు అంటారు కొందరు. వంద బస్కీలు తీసేవాడికి తొడల్లో ఓపిక బాగా పెరుగుతుంది, బలం మాత్రం ఒక దగ్గర ఆగిపోతుంది. ఐదారు సార్ల కంటే ఎక్కువ లేపలేనంత బరువు పెట్టినప్పుడే అది మళ్లీ కదులుతుంది. బలం పెరిగినా అది పూర్తిగా బయటికి రావడానికి కండరానికి టైం కావాలి, జంప్‌లో అంత టైం ఉండదు. అందుకే జిమ్‌లో 150 కిలోలు లేపేవాళ్లు కొందరు నెట్ దగ్గర మామూలుగానే కనిపిస్తారు. ఉన్న బలాన్ని గబుక్కున బయటికి తీయడం వేరే విద్య.

ఆ విద్య పేరే ప్లయోమెట్రిక్స్. ఎత్తు మీద నుంచి దిగి, పాదం నేలకు తగలగానే బంతిలా మళ్లీ లేవడం. 1960లలో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖొషాన్‌స్కీ దీన్ని పద్ధతిగా మలిచాడు, అదీ అప్పటికే ఏళ్ల తరబడి బరువులెత్తి గట్టిపడ్డ జంపర్ల కోసం. మనవాళ్లు చివరి మెట్టును మొదట ఎక్కుతున్నారు. నేనూ ఎక్కాను లెండి. పరుగుతో లాభం లేదనుకున్న మరుసటి ఏడాది, ఊళ్లో ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్లం మీద, అరుగంత ఎత్తు నుంచి రోజుకు వంద దూకుళ్లు. ఐదో వారానికి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది, మెట్లు దిగుతుంటే సూది గుచ్చినట్టు. దాన్ని 'జంపర్స్ నీ', అంటే జంపర్ల మోకాలి నొప్పి, అంటారని ఆ ఏడాది సంక్రాంతి టోర్నమెంటు బెంచీ మీద కూర్చుని చూశాక తెలిసింది. మెత్తటి మట్టి నేల మీద, వారానికి రెండు రోజులు, రోజుకు నలభై యాభై మించకుండా చేసి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

ఇంతవరకూ చదివితే పీడీ సారు ఓడిపోయినట్టే కనిపిస్తుంది. జిమ్ కుర్రాళ్ల చేతిలో ఇంకో ఆయుధం కూడా ఉంది. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికా పరిశోధకుడు పది వారాల పాటు ఒక జట్టుతో బరువులు, ఒక జట్టుతో పరుగు, సైకిలు, ఇంకో జట్టుతో రెండూ చేయించాడు. రెండూ చేసినవాళ్ల బలం మొదట్లో బరువులు మాత్రమే చేసినవాళ్లతో సమానంగానే పెరిగి, ఏడెనిమిది వారాల దగ్గర ఆగి, ఆ తర్వాత కాస్త తగ్గింది. "చూశారా, రన్నింగ్ కాళ్లను తినేస్తుంది" అనే మాటకు మూలం ఇదే. కానీ ఆ జట్టు వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు ఒగర్చేలా పరుగు, సైకిలు. అంత చేస్తే ఎవరి బలమైనా జావగారిపోతుంది. వారానికి రెండు రోజులు ఇరవై నిమిషాలు పరిగెత్తే కుర్రాడికి ఈ లెక్క చూపించి భయపెట్టడం న్యాయం కాదు.

మర్నాడు పొద్దున్నే మావాణ్ని హైస్కూలు గోడ దగ్గరకు తీసుకెళ్లాను. గుమ్మంలో మా పిన్ని ముగ్గేస్తుంటే గుప్పెడు పిండి అడిగి తెచ్చాం. వాడు గోడ పక్కన నిలబడి చెయ్యెత్తితే ఒక గుర్తు, పిండి అద్దుకున్న వేళ్లతో ఎగిరి తడితే ఇంకో గుర్తు. మూడుసార్లు ఎగిరాడు, మంచిది 52 సెంటీమీటర్లు. ఏడాదిగా రన్నింగ్ పూర్తిగా మానేసి స్క్వాట్లు కొట్టాడు కాబట్టి ఆ అంకె వచ్చిందని వాడి గర్వం, నేనూ కాదనలేదు. ఆ రోజు మా ఊరి టోర్నమెంటు. సాయంత్రం నుంచి మూడు మ్యాచ్‌లు, చివరిది ఫ్లడ్‌లైట్ల కింద పదిన్నరకు. మూడో మ్యాచ్ రెండో సెట్ నుంచి వాడి బంతులు నెట్ టేపుకు తగలడం మొదలుపెట్టాయి, కొట్టడానికి బంతి పైకి వేసిచ్చే లిఫ్టర్ మీద చిరాకు పడుతున్నాడు, "పైకెయ్ రా, ఇంకొంచెం పైకెయ్" అని. లిఫ్టర్ సాయంత్రం నుంచీ ఒకే ఎత్తులో వేస్తున్నాడు.

ఆట అయిపోగానే చెమటతోనే మళ్లీ గోడ దగ్గరకు. 43.

సెల్‌ఫోన్ లైటులో రెండు గుర్తుల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్లు సరిపోయి, ఇంకా కాస్త మిగిలింది. వాడు వెతుకుతున్న బెత్తెడు పొద్దున వాడి దగ్గరే ఉంది, రాత్రి పదిన్నరకు లేదు.

తొమ్మిది సెంటీమీటర్లంటే ఎంతో ఇంకోలా చెప్తాను. పి.వి. సింధు నాన్నగారు రమణ గారు ఆడిన 1986 సియోల్ ఆసియా క్రీడల భారత వాలీబాల్ జట్టు, కంచు పతకం తెచ్చిన జట్టు, అందులోనే కేరళ జిమ్మీ జార్జ్ ఉన్నాడు. ఆయన గాల్లో ఆగిపోయేవాడని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గాల్లో ఎవరూ ఆగరు గానీ, పైకి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి గాల్లో ఉన్న సమయంలో సగం పై పావు ఎత్తులోనే గడుస్తుంది, అది మన కంటికి ఆగినట్టు కనిపిస్తుంది. మావాడి 52 సెంటీమీటర్ల జంప్‌లో గాల్లో ఉండేది మొత్తం 0.65 సెకను, అందులో 0.27 సెకను ఆ పై తొమ్మిది సెంటీమీటర్లలోనే. బంతిని చూసి, బ్లాకర్ చేతుల మధ్య సందు చూసి కొట్టేది ఆ కాస్త సమయంలోనే. అలసిపోయినవాడికి అదంతా పోయింది.

ఇక్కడికొచ్చాక ఫిట్‌నెస్ అసలు పని ఏంటో కనిపిస్తుంది. ఒక జంప్‌కు ఆక్సిజన్ అక్కర్లేదన్నానా, జంప్‌కూ జంప్‌కూ మధ్య మాత్రం అదే దిక్కు. ఖర్చయిన ఆ సిద్ధ ఇంధనంలో సగం తిరిగి చేరడానికి దాదాపు అర నిమిషం, పూర్తిగా చేరడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ నింపే పని గుండె, ఊపిరితిత్తులు, కండరాలకు అందే రక్తం చూసుకుంటాయి. ఓపిక ఉన్నవాడికి ర్యాలీకీ ర్యాలీకీ (సర్వీసు నుంచి పాయింటు తేలేదాకా సాగే ఆట) మధ్య దొరికే కొన్ని సెకన్లలో ఎక్కువ నిండుతుంది, లేనివాడికి ప్రతిసారీ కొంచెం కొంచెం వెలితి మిగిలి, నలభయ్యో జంప్ దగ్గర లెక్క తేలుతుంది. ప్రాక్టీసులోనూ అంతే: ఆరు సెట్ల స్క్వాట్లలో మూడో సెట్‌కే ఆయాసపడి కూలబడేవాడు మిగతా మూడు ఎలా చేస్తాడు?

అలాగని రోజూ ఐదు కిలోమీటర్లు అవసరమా అంటే, నా ఉద్దేశంలో కాదు. వాలీబాల్ ర్యాలీ ఎక్కువగా పదిసెకన్లలోపే ముగుస్తుంది. ఆ పోలికలోనే, ఇరవై సెకన్లు గట్టిగా పరుగు, నలభై సెకన్లు నడక, అలా పది పన్నెండు సార్లు, వారానికి రెండు రోజులు, స్క్వాట్లు లేని రోజుల్లో. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యేవాళ్ల సంగతి వేరు, వాళ్ల పరీక్షల్లో పరుగూ ఉంటుంది, లాంగ్ జంపూ ఉంటుంది, రెండూ సాధన చేసుకోవడం మేలు. హైజంప్ వాళ్లది ఇంకోలా. ఒక ప్రయత్నానికీ ఇంకోదానికీ మధ్య బోలెడు టైం దొరుకుతుంది కాబట్టి వాళ్లకు బరువులూ దూకుళ్లే ప్రధానం, పరుగు ఆరోగ్యానికి సరిపడా ఉంటే చాలు.

ఫిట్‌నెస్ అంటే పరుగొక్కటే అనుకోవడం కూడా ఒక చిక్కే. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోగలరా? మా తాతయ్య ఎనభై ఏళ్లకు కూడా పొలం గట్టు మీద అలా కూర్చుని చుట్ట కాల్చేవాడు, మావాడు స్క్వాట్ వీరుడై ఉండి మడమలు పైకి లేపేశాడు. చీలమండ వంగకపోతే నేలను తోసే దూరం తగ్గుతుంది, ఆ భారం మోకాలు మోస్తుంది. చేతులు వెనక్కి లాగి ఊపుగా పైకి విసిరితే ఎత్తు పదో వంతో, అంతకంటే ఎక్కువో పెరుగుతుంది, భుజాలు బిగుసుకుపోయినవాడికి ఆ ఊపు రాదు. ఇవి సరిచేసుకోవడానికి జిమ్ ఫీజు కట్టక్కర్లేదు.

కాబట్టి నన్నడిగితే ముందు గోడ దగ్గరకు వెళ్లండి, ఆటకు ముందొకసారి, ఆట అయ్యాక ఇంకోసారి. మొదటి గుర్తే తక్కువగా ఉండి చివరి గుర్తు దాని పక్కనే ఉంటే మీకు ఓపిక ఉంది, బలం లేదు, పరుగు తగ్గించి బార్ పట్టుకోండి. మొదటిది బాగుండి చివరిది బాగా కిందుంటే జిమ్ వాళ్ల మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. రెండూ బాగుంటే, మోకాళ్లు నొప్పి లేకుండా ఉంటే, అప్పుడు చెక్కపెట్టె తెచ్చుకోండి. అసలు ఏ వ్యాయామమూ అలవాటు లేనివాళ్లకు మొదటి రెండు నెలలు ఏం చేసినా ఎత్తు పెరుగుతుంది, ఆ రెండు నెలల్లో చేసినదాన్నే దివ్యౌషధమని యూట్యూబ్‌లో పెట్టకపోతే చాలు.

మావాడు స్క్వాట్లు వారానికి రెండు రోజులకు తగ్గించి, ఆ ఇరవై-నలభై పరుగు పట్టుకున్నాడు. ఉగాదికి ఊరొచ్చాడు. అదే గోడ, అదే ముగ్గుపిండి, ఈసారి టోర్నమెంటు లేదు కాబట్టి ఊళ్లో కుర్రాళ్లను పోగేసి మూడు మ్యాచ్‌లు ఆడించాం. ఆటకు ముందు 53, ఆట తర్వాత 49. "మూడు నెలలకు ఒక్క సెంటీమీటరేనా అన్నయ్యా" అని మొదటి అంకె చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. రెండో అంకె చూశాక ఏమీ అనలేదు, ఫోన్ తీసి గోడకు ఫోటో కొట్టి పీడీ సారుకు పంపాడు.