ఫ్రిస్కోలో చిన్న హైస్కూలా, అలెన్‌లో పెద్ద హైస్కూలా: ఆటలాడే పిల్లలకు ఏది మేలు?

డాలస్‌కు ఉత్తరాన ఇల్లు కొనే మనవాళ్లు స్కూల్ రేటింగు చూస్తారు, ఆఫీసు దూరం చూస్తారు, తూర్పు వాకిలి ఉందా అని చూస్తారు. ఆ హైస్కూల్ యూఐఎల్‌లో ఏ స్థాయిలో ఉందో అడిగేవాళ్లు తక్కువ. పిల్లలకు ఆటల మీద మనసుంటే మాత్రం అది తప్పక అడగాలి.

యూఐఎల్ అంటే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. టెక్సస్ ప్రభుత్వ బడుల పోటీలు దాని చేతిలోనే ఉంటాయి. 1910లో టెక్సస్ యూనివర్సిటీ అండతో హైస్కూళ్ల డిబేటింగ్ లీగ్‌గా పుట్టి, కొన్నేళ్లకే ఆటలనూ కలుపుకుంది. దశాబ్దాల పాటు అందులో తెల్లవాళ్ల బడులకే చోటు. నల్లజాతి పిల్లల బడులు 1920 నుంచి వేరే లీగ్ నడుపుకున్నాయి. తర్వాత దానికి ప్రెయిరీ వ్యూ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ అన్న పేరు స్థిరపడింది. అమెరికన్ ఫుట్‌బాల్ దిగ్గజం జో గ్రీన్ టెంపుల్ ఊళ్లోని డన్‌బార్ హైస్కూల్ తరఫున ఆడింది అందులోనే. 1967 నుంచి ఆ బడులు యూఐఎల్‌లోకి రావడం మొదలై, 1970కల్లా ఆ లీగ్ ముగిసింది. బడుల విలీనంలో చాలాచోట్ల మూతపడ్డవి నల్లవాళ్ల బడులే. వాటి జెర్సీలు, ట్రోఫీలు, కోచ్‌ల ఉద్యోగాలు వాటితోనే పోయాయి. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ప్రైవేటు బడులు ఎక్కువగా వేరే సంఘాల్లో ఉంటాయి. డాలస్ జెసూట్, హ్యూస్టన్‌లోని స్ట్రేక్ జెసూట్ మాత్రం 2003 నుంచి యూఐఎల్‌లో ఆడుతున్నాయి.

ఇప్పుడు ఏ బడి ఎవరితో ఆడాలో తేల్చేది పిల్లల సంఖ్య. రెండేళ్లకోసారి లెక్క తీసి 1ఎ నుంచి 6ఎ దాకా విడదీస్తారు, ఆపైన దగ్గరి ఊళ్లను ఒక డిస్ట్రిక్ట్‌గా కలుపుతారు. 2024 విభజనలో 2,275 మంది, అంతకు మించి ఉన్న బడి 6ఎ. 1,315 నుంచి 2,274 వరకు 5ఎ.

పక్కపక్క ఊళ్లే అయినా ఫ్రిస్కో, అలెన్ ఇక్కడే చెరో దారి పట్టాయి. ఫ్రిస్కో కావాలనే హైస్కూళ్లను చిన్నవిగా ఉంచింది. ఒక్కోదానిలో సుమారు రెండు వేల మంది, మొత్తం పన్నెండు బడులు, ఎక్కువగా 5ఎలోనే. అలెన్ ఊరంతటికీ ఒకటే హైస్కూల్. తొమ్మిదో తరగతి వేరే ప్రాంగణంలో ఉన్నా యూఐఎల్ లెక్కలో అంతా కలిపి ఏడు వేలకు దగ్గర, 6ఎ బడుల్లోనూ బాగా పెద్దది.

బాస్కెట్‌బాల్ వార్సిటీ జట్టులో, అంటే బడి ప్రధాన జట్టులో, పదిహేను మంది ఉంటారనుకుందాం. అలెన్‌లో ఆ పదిహేను చోట్లకు పోటీ పడేది ఏడు వేల మంది ఉన్న బడి, ఫ్రిస్కోలో రెండు వేల మంది ఉన్న బడి. అంటే ఫ్రిస్కోలో అవకాశం మూడు రెట్లు పైమాటే. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే టీమ్ టెన్నిస్‌లో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఒక పోరులో 19 మ్యాచ్‌లు: అబ్బాయిల సింగిల్స్ ఆరు, అమ్మాయిల సింగిల్స్ ఆరు, డబుల్స్ చెరి మూడు, మిక్స్‌డ్ ఒకటి. ముందు పది గెలిచినవాళ్లదే విజయం. ఆరో సింగిల్స్ ఆడే అమ్మాయి పాయింటూ మొదటి సింగిల్స్ పాయింటూ ఒకటే. ఆ ఆరో చోటు చిన్న బడిలో మామూలుగా సాధన చేసే పిల్లకూ అందుతుంది. ఆటలే కాదు, యూఐఎల్‌లో నంబర్ సెన్స్ అనే లెక్కల పోటీ కూడా ఉంది, పది నిమిషాల్లో 80 లెక్కలు, చిత్తు రాత లేకుండా నోటి లెక్కగా చేసేది; అందులోనూ బడికి ఇంతమందే అని పరిమితి ఉంటుంది.

అలెన్ వైపు కూడా బలమైన కారణాలున్నాయి. 2012లో ఆరు కోట్ల డాలర్లతో 18,000 సీట్ల స్టేడియం కట్టారు. కాంక్రీటు పగుళ్లిచ్చి 2014లో మూసేసి, బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. అక్కడ చదివిన కైలర్ మరే ఫుట్‌బాల్ జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా 42 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు, 2012 నుంచి వరుసగా మూడు రాష్ట్ర టైటిళ్లు. శుక్రవారం రాత్రి ఊరంతా ఒకే జట్టు వెనక నిలబడే ఆ అనుభూతి పన్నెండు జట్లుగా చీలిన ఫ్రిస్కోలో రాదు. అలెన్ బ్యాండ్ అమెరికాలోనే అతిపెద్ద హైస్కూల్ బ్యాండుల్లో ఒకటి. వాయిద్యం పట్టిన పిల్లలకు అక్కడ చోటుకు కరువు లేదు. ఇంకో సంగతి: ఫ్రిస్కోలో ఏ ఇల్లు ఏ బడి కిందికి వస్తుందనే హద్దులు మారుతుంటాయి, అలెన్‌లో హైస్కూల్ ఒకటే గనక ఆ బెంగ లేదు.

నా మాట సూటిగా చెబుతాను. ఆట ఇష్టం, అసాధారణ ప్రతిభ లేదు అనుకునే పిల్లలకు, అంటే ఎక్కువమందికి, ఫ్రిస్కోయే మేలు. బెంచీ మీద కూర్చున్న నాలుగేళ్ల కంటే 5ఎ కోర్టులో ఆడిన నాలుగేళ్లు ఎక్కువ నేర్పుతాయి. ఫుట్‌బాల్‌లో నిజంగా మెరిసే కుర్రాడికీ, బ్యాండే ప్రాణమైన పిల్లకూ అలెన్.

తేల్చుకోవడం పిల్లలు ఏడో ఎనిమిదో చదువుతుండగానే జరగాలి. హైస్కూల్లో చేరాక ఆట కోసమే బడి మారినట్టు తేలితే ఏడాది పాటు వార్సిటీ ఆడనివ్వరు. 1984లో వచ్చిన 'పాస్ కాకపోతే ఆట లేదు' చట్టం రెండు ఊళ్లకూ వర్తిస్తుంది, మార్కులు 70కి తగ్గకూడదు. మీ వాళ్ల ఆట క్రికెట్టో బ్యాడ్మింటనో అయితే ఈ పోలికతో పనిలేదు. యూఐఎల్‌లో ఆ రెండూ లేవు, మంచి అకాడమీకి దగ్గర్లో ఇల్లు చూసుకోండి.