కార్డు సొరుగా, కంప్యూటరా?

ఒంగోలులో మా లైబ్రరీకి కొత్త పుస్తకాల కట్ట వస్తే నేను ముందు చూసేది అట్ట కాదు, లోపలి టైటిల్ పేజీ. తెలుగు సాహిత్యమైతే డ్యూయీ నంబరు, అంటే పుస్తకాన్ని విషయాన్ని బట్టి వర్గీకరించే నంబరు, 894.827. పుస్తకం వివరాలు సొరుగులో పెట్టే కార్డు మీద రాసినా, కంప్యూటర్లో కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించినా ఆ నంబరు మారదు.

కార్డులైతే రచయితకొకటి, పుస్తకం పేరుకొకటి, విషయానికొకటి విడివిడిగా రాయాలి. వేళ్లు నొప్పెట్టేవి. కంప్యూటర్లో ఒక్కసారి ఎక్కిస్తే ఎలాగైనా వెతుక్కోవచ్చు, కాబట్టి నా ఓటు దానికే. కానీ అక్కడ టెన్షన్ వేరు: ఒకరు 'శ్రీనివాసరావు' అని, ఇంకొకరు 'శ్రీనివాస రావు' అని కొడితే ఒకే రచయిత ఇద్దరైపోతాడు. సొరుగులో ఆ రెండు కార్డులూ పక్కపక్కనే కనిపించేవి, వెంటనే దిద్దేవాళ్లం. మొన్న కందుకూరు నుంచి వచ్చిన పెద్దాయనకు స్క్రీన్ మీద దొరకని పుస్తకం, పాత సొరుగులో అంచులు నలిగిన కార్డు పట్టుకుంటే దొరికింది. అందుకే ఆ సొరుగులు తీసేయనివ్వలేదు.