సంతకం పెట్టేవాళ్లా, సలహా ఇచ్చేవాళ్లా: పాలసీ సంస్థకు ఎవరు మేలు?

తార్నాక ఆఫీసులో నాతో కలిసి పనిచేసిన తమ్ముడొకడు ఈ మధ్య ఫోన్ చేశాడు. గల్ఫ్ వలసల మీద పరిశోధన చేసి, ఇటు మన ప్రభుత్వానికీ అటు బయటి దేశాలకూ సూచనలిచ్చే సంస్థ పెడుతున్నాడట. డాలస్‌లో ఉన్న స్నేహితులు మొదటి రెండేళ్ల ఖర్చు చూసుకుంటామన్నారట. "అన్నా, బోర్డుకు ఒక రిటైర్డ్ ఐఏఎస్, ఒక ప్రొఫెసర్, ఒక మాజీ రాయబారి ఒప్పుకున్నరు. ఎట్లుంది?" అన్నాడు. గొంతులో సంతోషం దాగడం లేదు.

"వాళ్లు సంతకం పెట్టడానికి వస్తున్నారా, సలహా ఇవ్వడానికి వస్తున్నారా?" అని అడిగాను. "రెండిటికీ" అన్నాడు. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది.

ఎందుకంటే ఆ తరహా బోర్డు ఉన్న సంస్థలో నేను జీతం తీసుకున్నాను. లెటర్‌హెడ్ మీద పేర్లు చదివితే ఎవరైనా లేచి నిలబడాల్సిందే. ఏడాదికోసారి బంజారాహిల్స్ హోటల్లో మీటింగ్. మినిట్స్ ముందురోజే టైపు చేసి పెట్టేవాళ్లం, పెద్దలు భోజనానికి ముందు సంతకాలు చేసి వెళ్లేవాళ్లు. ఆడిటర్ ఒక ఏడాది విదేశీ నిధుల ఖర్చు మీద గట్టిగానే ఒక మాట రాశాడు. బోర్డులో ఒక్కరూ ఆ పేజీ తిప్పలేదు. తర్వాతి ఏడాది గ్రాంటు ఆగింది, మాకు నాలుగు నెలలు జీతాల్లేవు. ఆ పెద్దలు చెడ్డవాళ్లు కాదు. ఎవరి రంగంలో వాళ్లు ఉద్దండులే. లెక్కలు చూడటం తమ పని అని వాళ్లు అనుకోలేదు, చూడమని మేమూ అడగలేదు.

బోర్డు చేయాల్సింది నిజానికి చప్పటి పని. తమ్ముడి డాలస్ డబ్బే తీసుకోండి. ఆ స్నేహితులు ఇంకా భారత పౌరులే అయి, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, చేతిలో ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, కింద రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థ పెట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. లేదంటే ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. 2020 సవరణ తర్వాత విదేశీ నిధుల్లో ఆఫీసు ఖర్చులకు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 శాతం దాకా ఉండేది. డబ్బు పంపేవాళ్లది ఏ పౌరసత్వం అన్న ప్రశ్న మాజీ రాయబారి అడగడు. ముషీరాబాద్‌లో చిన్న ఆఫీసు పెట్టుకున్న చార్టర్డ్ అకౌంటెంట్ మొదటి ఐదు నిమిషాల్లో అడుగుతాడు.

అయితే నిపుణులు దండగా? కానే కాదు. బయటి ఉదాహరణ ఒకటి చూద్దాం. వాషింగ్టన్‌లో 2001లో మొదలైన సెంటర్ ఫర్ గ్లోబల్ డెవలప్‌మెంట్‌ను ముగ్గురు కలిసి పెట్టారు: సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో సంపాదించిన ఎడ్వర్డ్ స్కాట్, ఆర్థికవేత్తలు ఫ్రెడ్ బెర్గ్‌స్టన్, నాన్సీ బర్డ్‌సాల్. డబ్బు తెచ్చిన స్కాట్ బోర్డు చూసుకున్నాడు, అధ్యక్షురాలిగా సంస్థను నడిపింది బర్డ్‌సాల్. నిపుణుల్ని అక్కడ ఇంకో రకంగా కూడా వాడుకున్నారు. పేదదేశాల జబ్బులకు కంపెనీలు టీకాలు తయారు చేయాలంటే ముందే కొనుగోలు హామీ ఇస్తే ఎలా ఉంటుందన్న ఒకే ఒక ప్రశ్న మీద ఒక బృందాన్ని కూర్చోబెట్టారు. 2005లో నివేదిక వచ్చింది. 2009లో న్యుమోనియా లాంటి జబ్బుల్ని ఆపే న్యుమోకాకల్ టీకాకు 150 కోట్ల డాలర్ల హామీ పథకం మొదలైంది. ఒక ప్రశ్న, ఒక గడువు, ఒక నివేదిక. నాకు నచ్చేది ఈ పద్ధతి. "మా సలహా మండలిలో ఉండండి సార్" అని శాలువా కప్పడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

ఇక మూడోరకం మనుషులున్నారు. ఏ సమస్య మీద సంస్థ పెట్టామో ఆ సమస్యలో బతికినవాళ్లు. వీళ్లను పిలవడమే మనకు గుర్తుండదు, పిలిచినా ఫొటోకే.

దీనికి మన ఊరి కథే ఉంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, లాటరీ వేసినట్టు సగం బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్ అప్పులు మొదలయ్యేలా చూసి, ఏడాదికి పైగా ఆగి కొలిచారు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు కాస్త పెట్టుబడి పెంచారు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. చిన్న అప్పులు పేదరికాన్ని తరిమేస్తాయని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో, 2009లో, ఈ ఫలితాలు బయటపెట్టడం చిన్న విషయం కాదు. ఇలాంటి పని నిపుణులే చేయగలరు. ఆ నలుగురిలోని గ్లెనర్‌స్టరే 2024లో పైన చెప్పిన వాషింగ్టన్ సంస్థకు అధ్యక్షురాలయ్యారు.

కానీ 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఇంటి ముందుకొచ్చి కూర్చుని ఎవరు ఎలా వసూలు చేస్తున్నారో వారం వారం కిస్తీ కట్టే ఆడవాళ్లకు ముందే తెలుసు. సగటు లెక్కల్లో ఆ కూర్చోవడం కనపడదు. అలాంటి ఆడమనిషి ఒక్కరు బోర్డు గదిలో ఉంటే ఏ సంస్థకైనా ఆ కబురు ముందే అందేది.

కాబట్టి నేను తమ్ముడికి చెప్పింది ఇది. బోర్డు చిన్నదిగా పెట్టుకో. ఇక్కడి చట్టంలో సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి, సెక్షన్ 8 ప్రైవేట్ కంపెనీ (లాభం కోసం కాని కంపెనీ) అయితే కనీసం ఇద్దరు డైరెక్టర్లు చాలు. నీ బోర్డులో ఒకరు లెక్కలు చదవగలిగినవాళ్లు, ఒకరు నీకు "వద్దు" అని మొహం మీద చెప్పగలిగినవాళ్లు, ఒకరు గల్ఫ్ వలస కుటుంబం నుంచి. ప్రొఫెసర్ గారినీ రాయబారి గారినీ వదులుకోకు, కానీ బోర్డులోకి తేకు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న ఇవ్వు, ఆరు నెలల గడువు పెట్టు. రిటైర్డ్ ఐఏఎస్ సంగతి నీ ఇష్టం. సచివాలయంలో తలుపులు తెరుచుకుంటాయనుకుంటే ఆయన ఫోన్ నంబరు చాలు, లెటర్‌హెడ్ అక్కర్లేదు.

వాడు సగం విన్నాడు. ప్రొఫెసర్ గారు బోర్డులోనే ఉన్నారు. మిగతా ఇద్దరూ సలహాదారులయ్యారు. ముషీరాబాద్ అకౌంటెంట్‌తో పాటు జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడ భర్త ఆజాద్ వీసా (పేరుకే యజమాని ఉండి, పని మాత్రం మనమే వెతుక్కోవాల్సిన వీసా) మీద దుబాయ్ వెళ్లి అప్పులతో తిరిగొచ్చాడు.

మొదటి మీటింగ్‌కు నన్నూ పిలిచారు. రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీసు చార్జీ జీఎస్టీ కాకుండా 30,000 రూపాయలు దాటకూడదన్న నిబంధనను ప్రొఫెసర్ గారు స్లైడ్ వేసి చక్కగా వివరించారు. దాన్ని గట్టిగా అమలు చేయమని సూచిద్దామన్నారు. అందరూ తలలూపారు. ఆవిడ కొంగు సర్దుకుని అడిగింది:

"గా ముప్పై వేలకు రసీదు ఎవలిస్తరు సారు?"