సైకాలజీ పోస్ట్‌డాక్‌కి అప్లై చేసేవాళ్లకు అప్పా క్యాస్ ఎలా ఉంది?

అమెరికాలో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ చేస్తున్నవాళ్లకు చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అందులో అడుగుపెట్టి నాలుగు నెలలు కాకముందే పోస్ట్‌డాక్ (డాక్టరేట్ తర్వాత చేసే శిక్షణ ఉద్యోగం) అప్లికేషన్ల టెన్షన్ మొదలవుతుంది. వాటి కోసం యాపిక్ (సైకాలజీ ఇంటర్న్‌షిప్, పోస్ట్‌డాక్ కేంద్రాల సంఘం) నడిపే ఆన్‌లైన్ వ్యవస్థే అప్పా క్యాస్. పిల్లల క్లినికల్ సైకాలజీలో పోస్ట్‌డాక్ కోసం, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉంటూ, నేను దీని ద్వారానే అప్లై చేశాను. ఐదుకి నాలుగు ఇస్తాను. కాగితాలన్నీ సరైన చోటికి సరైన సమయానికి చేర్చడంలో దీనికి వంక పెట్టలేం. మిగిలిన ఆ ఒక్క మార్కు ఎందుకు ఆపానో తెలియాలంటే ఈ మొత్తం ప్రక్రియ ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. మనవాళ్లలో చాలామందికి ఇక్కడే పొరపాటు అభిప్రాయం ఉంటోంది.

ఇంటర్న్‌షిప్‌కి కంప్యూటర్ మ్యాచ్ ఉంటుంది. 1999 నుంచి అదే పద్ధతి. మనం మనకు నచ్చిన వరసలో సైట్ల జాబితా ఇస్తాం, సైట్లు వాళ్ల జాబితా ఇస్తాయి, కంప్యూటర్ రెండూ కలిపి ఫలితం చెప్తుంది. ఆ ఫలితానికి రెండు పక్షాలూ కట్టుబడాలి. ఇలాంటి మ్యాచింగ్ పద్ధతుల మీద చేసిన కృషికే 2012లో ఆల్విన్ రాత్‌కి, లాయిడ్ షాప్లీకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పోస్ట్‌డాక్‌కి వచ్చేసరికి ఇవేవీ లేవు. ఇక్కడ ఫోన్ వస్తుంది, మనం జవాబు చెప్పాలి, అంతే. అప్పా క్యాస్‌లో సబ్మిట్ కొట్టడంతో సగం పని అయినట్టు. మిగతా సగం మెయిళ్లలో, ఫోన్లలో, ఇంటర్వ్యూలలో నడుస్తుంది. ఇంటర్న్‌షిప్ మ్యాచ్ అలవాటుతో ‘లిస్టు ఇచ్చేశాం కదా, ఫలితం అదే వస్తుంది’ అని కూర్చుంటే మంచి అవకాశాలు చేజారిపోతాయి.

ఇక పోర్టల్ సంగతి. వ్యక్తిగత వివరాలు, చదువు, అనుభవం ఒక్కసారి నింపితే చాలు, అన్ని ప్రోగ్రాములకూ అవే వెళ్తాయి. చివర్లో ఒక్కో ప్రోగ్రామ్ విడిగా అడిగే కాగితాల పేజీ ఉంటుంది. అసలు శ్రమంతా అక్కడే. ఒకరు సీవీ, కవర్ లెటర్, మూడు సిఫార్సు లేఖలతో సరిపెట్టుకుంటారు. ఇంకొకరు మనం రాసిన అసెస్‌మెంట్ రిపోర్టు (మానసిక పరీక్షల నివేదిక) నమూనా కూడా అడుగుతారు. మరొకరు డిసర్టేషన్ (సిద్ధాంత గ్రంథం) ఎప్పటికి పూర్తవుతుందో గైడ్ చేత రాయించి పంపమంటారు. ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పోస్ట్‌డాక్ మొదలయ్యే రోజుకి డాక్టరేట్‌కి కావలసినవన్నీ పూర్తయి ఉండాలన్నది యాపిక్ నియమం. డిఫెన్స్ (కమిటీ ముందు డిసర్టేషన్‌ని సమర్థించుకోవడం) అయిపోయినా దిద్దుబాట్లు మిగిలి ఉంటే చేరడం ఆగిపోవచ్చు. కాబట్టి గైడ్‌తో కూర్చుని తేదీలు ఖాయం చేసుకున్నాకే ఆ లేఖ రాయించండి.

సిఫార్సు లేఖల ఏర్పాటు నాకు బాగా నచ్చింది. రాసేవాళ్ల పేరు, మెయిల్ ఇస్తే వాళ్లకి లింక్ వెళ్తుంది, లేఖను వాళ్లే నేరుగా ఎక్కిస్తారు. చేరిందో లేదో మన పేజీలో కనిపిస్తుంది. సూపర్‌వైజర్లకు పదే పదే గుర్తు చేయడానికి మొహమాటపడే నాలాంటివాళ్లకు ఆ ఒక్క సౌకర్యం ఎంత ఊరటో చెప్పలేను. లింక్ పంపిన రోజే వాళ్లకి విడిగా ఒక మెయిల్ రాసి, స్పామ్ ఫోల్డర్ కూడా చూడమనండి. గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లోనే పడతాయి. అదే సమయానికి క్రిస్మస్ సెలవులు. థాంక్స్‌గివింగ్‌కి ముందే లేఖలు వచ్చేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది.

కవర్ లెటర్ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చదివేవాళ్లు ముందు చూసేది అదే. నా మొదటి చిత్తుప్రతిలో పిల్లల మానసిక ఆరోగ్యం మీద నాకున్న ఆసక్తి గురించి ఒక పేరా ఉండేది. మా సూపర్‌వైజర్ గారు దాన్ని చదివి, ‘ఇది ఎవరైనా రాయగలరు, మీరు గదిలో ఏం చేస్తారో రాయండి’ అన్నారు. ఆ పేరా తీసేసి, ఆటిజం అనుమానంతో వచ్చిన చిన్న పిల్లల కుటుంబాలతో నేను ఎలా పని చేస్తానో రాశాను. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లవాడికి భాష ఆలస్యమైందా, లేక రెండు భాషల మధ్య సర్దుకుంటున్నాడా అన్నది తేల్చడానికి ఏ పరీక్షలు వాడతాను, అమ్మమ్మతో తెలుగులో ఏం అడుగుతాను, ఆ జవాబుల్ని రిపోర్టులో ఎలా పెడతాను అని. ఇంటర్వ్యూకి పిలిచిన దాదాపు ప్రతిచోటా ఆ పేరా మీదే ప్రశ్నలు వచ్చాయి. తెలుగులో థెరపీ చేయగలగడాన్ని సీవీ చివర్లో ‘భాషలు’ అనే వరసలో పడేసి ఊరుకోకండి. అది వృత్తి నైపుణ్యం. కవర్ లెటర్ మొదటి పేజీలోకి రావాలి.

రెండో పేరాలో ఆ ప్రోగ్రామ్ గురించి రాయాలి. వాళ్ల వెబ్‌సైట్‌లోని వాక్యాల్నే తిప్పి రాస్తే వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఏ రొటేషన్ (ఒక్కో విభాగంలో కొంతకాలం చేసే శిక్షణ) కావాలి, ఎందుకు, ఇంతకు ముందు చేసిన ఏ పని దానికి దారి తీసింది, ఈ మూడూ చెప్తే చాలు.

రిపోర్టు నమూనా పంపేటప్పుడు ఒక జాగ్రత్త. పేరు మీద నల్లటి పెట్టె గీసినంత మాత్రాన పేరు పోయినట్టు కాదు. కొన్ని పీడీఎఫ్‌లలో ఆ పెట్టె కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి ఇంకో చోట పేస్ట్ చేస్తే బయటపడతాయి. హెడర్‌లో కేసు నంబరు, ఫైలు పేరులో పిల్లవాడి ఇంటిపేరు, బడి పేరు, తల్లి ఉద్యోగం, ఇవన్నీ గుర్తుపట్టించేవే. నేను వర్డ్‌లోనే అసలు పదాలు తీసేసి, కొత్త ఫైలుగా సేవ్ చేసి, దాంట్లోంచి పీడీఎఫ్ తీశాను. పుట్టిన తేదీ బదులు వయసు మాత్రమే ఉంచాను. మనల్ని నమ్మి గది లోపలికి వచ్చిన కుటుంబం అది. వాళ్ల రహస్యం కాపాడటం కంటే ఏ అప్లికేషనూ ముఖ్యం కాదు. చదివే ట్రైనింగ్ డైరెక్టర్ కూడా దీన్ని గమనిస్తారు. సబ్మిట్ కొట్టాక ఫైళ్లు మార్చే అవకాశం ఉండదు కాబట్టి, కొట్టే ముందు ప్రతి ఫైలూ తెరిచి మొదటి పేజీ నుంచి చివరి దాకా చూసుకోండి.

పోర్టల్ కంటే ఎక్కువ మేలు చేసింది దానికి తోడుగా యాపిక్ నడిపే డైరెక్టరీ. దాన్ని యూపీపీడీ అంటారు. యాపిక్ సభ్యులే కాకుండా బయటి ప్రోగ్రాములు కూడా అందులో ఉంటాయి. రాష్ట్రం, స్పెషాలిటీ, గుర్తింపు ఆధారంగా వెతకొచ్చు. నేను సాయంత్రాలు దాని ముందే గడిపాను. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) అక్రెడిటేషన్ ఉందా, యాపిక్ సభ్యత్వం ఉందా అన్నవి ముందు చూడండి. యాపిక్ సభ్యత్వం ఉన్న ప్రోగ్రామ్ అంటే కనీసం 1500 గంటల శిక్షణ, వారానికి కనీసం 2 గంటలు లైసెన్స్ ఉన్న సైకాలజిస్టుతో విడిగా సూపర్‌విజన్ ఉంటాయి. ఈ 1500 అనే అంకె ఊరికే రాలేదు. కాలిఫోర్నియాలో లైసెన్స్‌కి మొత్తం 3000 గంటలు కావాలి, అందులో కనీసం 1500 డాక్టరేట్ తర్వాత చేసినవే అయి ఉండాలి. కొన్ని రాష్ట్రాల్లో డిగ్రీకి ముందు చేసిన గంటలే సరిపోతాయి. ఏ రాష్ట్రంలో స్థిరపడాలనుకుంటున్నారో ముందు తేల్చుకుని, ఆ రాష్ట్ర బోర్డు నియమాలు చదివి, తర్వాత డైరెక్టరీ తెరవండి. ఆ వరస తప్పితే గంటలు చాలక ఇంకో ఏడాది పట్టే ప్రమాదం ఉంది.

వీసా మీద ఉన్నవాళ్లకు ఈ డైరెక్టరీ సగం మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. దేశంలో సైకాలజిస్టులకు అందరికంటే ఎక్కువ శిక్షణ ఇచ్చేది మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే వెటరన్స్ అఫైర్స్ ఆసుపత్రుల వ్యవస్థ. అక్కడ ట్రైనీగా చేరాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి. మిగతాచోట్ల చాలాసార్లు వీసా గురించి ఒక్క ముక్క కూడా రాసి ఉండదు. అప్లై చేయకముందే ట్రైనింగ్ డైరెక్టర్‌కి రెండు వాక్యాల మెయిల్ పంపాను: ‘నేను ఎఫ్-1 మీద ఉన్నాను, ఓపీటీ మీద పని చేయగలను, మీ ప్రోగ్రామ్ దీన్ని అంగీకరిస్తుందా?’ అని. ఓపీటీ అంటే చదివిన రంగంలో ఎఫ్-1 మీదే కొంతకాలం పని చేసే అనుమతి. జవాబులు మర్యాదగా, త్వరగా వచ్చాయి. ‘స్పాన్సర్ చేయం’ అని రాసేవాళ్లలో కొందరికి ఓపీటీకి వాళ్ల స్పాన్సర్‌షిప్ అక్కర్లేదన్న సంగతి తెలియదు. ఆ మాట వినయంగా వివరిస్తే తలుపు తెరుచుకున్న సందర్భాలు ఉన్నాయి.

దీనికి ముందే చూసుకోవలసింది ఇంకొకటి ఉంది, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఇంటర్న్‌షిప్ సాధారణంగా సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) మీద చేస్తాం. పూర్తి సమయం సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ అర్హత పోతుంది. అంటే పోస్ట్‌డాక్‌కి దారే మూసుకుపోతుంది. ఇంటర్న్‌షిప్ కూడా సరిగ్గా ఏడాదే కాబట్టి ఒకటి రెండు రోజుల తేడాతో ఇది జరగొచ్చు. ఇంటర్న్‌షిప్ మొదలయ్యే ముందే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో కూర్చుని, సీపీటీ తేదీలు 12 నెలలకు లోపు వచ్చేలా చూసుకోండి. పాత గంటలు ఏమైనా పూర్తి సమయం సీపీటీ కింద ఉన్నాయేమో అవీ కలిపి లెక్కపెట్టించండి.

నేను మార్కు ఆపింది ఫిబ్రవరి వ్యవహారానికి. అది పోర్టల్ తప్పు కాదు గానీ, మన అనుభవంలో అది కూడా భాగమే. యాపిక్ మార్గదర్శకాల్లో కామన్ హోల్డ్ డేట్ అని ఒకటుంది, ఫిబ్రవరి చివర్లో వస్తుంది. దాన్ని పాటిస్తామన్న ప్రోగ్రామ్ ముందే ఆఫర్ ఇచ్చినా, ఆ తేదీ దాకా జవాబు ఆపుకోవచ్చు. ఈలోగా మనకు బాగా ఇష్టమైన చోటు నుంచి కబురు వస్తే అటు వెళ్లొచ్చు. చాలా మానవీయమైన ఏర్పాటు. చిక్కల్లా, ఇది ప్రోగ్రాములు తమంతట తాము పాటించవలసిందే తప్ప, మ్యాచ్‌లాగా అందర్నీ కట్టిపడేసే యంత్రాంగం కాదు. ఒక ఆసుపత్రి నుంచి నాకు శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆఫర్ ఇచ్చారు, సోమవారానికల్లా చెప్పమన్నారు. హోల్డ్ డేట్ ఇంకా దూరంలో ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను, కానీ ఆ శని, ఆదివారాలు నిద్ర పట్టలేదు. అప్పటికే ఏడాదంతా పేషెంట్లతో, డిసర్టేషన్‌తో అలసిపోయి ఉన్న మనిషిని అలా తొందరపెట్టడం అన్యాయం. మనుషుల మనసులతో పనిచేసే వృత్తిలో ఉన్నవాళ్లు చేయకూడని పని.

అప్పుడు చేయవలసింది ఏమిటంటే, మీకు అన్నిటికంటే ఇష్టమైన ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి వెంటనే రాయడం. ‘నాకు ఒక ఆఫర్ వచ్చింది, మీరే నా మొదటి ఎంపిక, నా స్థానం ఎక్కడుందో చెప్పగలరా?’ అని. ఇలా అడగడం తప్పేమో అని మనవాళ్లు వెనకాడతారు. తప్పు కాదు, ట్రైనింగ్ డైరెక్టర్లకు అలవాటైన మెయిలే అది. అయితే ‘మొదటి ఎంపిక’ అన్న మాట నిజంగా ఒక్కరికే రాయాలి. నాకు ఆదివారం సాయంత్రం జవాబు వచ్చింది, సోమవారం ఉదయం ఆఫర్ వచ్చింది. ముందు ఆఫర్ ఇచ్చిన ఆసుపత్రికి అదే గంటలో ఫోన్ చేసి, థాంక్స్ చెప్పి, వద్దన్నాను. వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి ఆ సీటు పోవాలి కదా. వద్దనుకున్న ఆఫర్‌ని ఒక్క పూట కూడా చేతిలో పట్టుకుని ఉండకండి.

అందరికీ అప్పా క్యాస్ అక్కర్లేదు. న్యూరోసైకాలజీ (మెదడుకీ ప్రవర్తనకీ ఉన్న సంబంధాన్ని చూసే శాఖ) వాళ్లలో చాలామందికి ఏపీపీసీఎన్ అనే సంస్థ ద్వారా వేరే మ్యాచ్ ఉంది. 1997లో ఆ శాఖ శిక్షణ గురించి హ్యూస్టన్‌లో జరిగిన సమావేశం చెప్పిన ప్రకారం వాళ్లకి పోస్ట్‌డాక్ రెండేళ్లు. పరిశోధన వైపు వెళ్లేవాళ్లు నేరుగా ప్రొఫెసర్లకే రాసుకోవాలి. ఎన్ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) వారి ఎఫ్32, టీ32 అనే శిక్షణ నిధులకు పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి, కే99కి ఆ షరతు లేదు. ప్రైవేట్ ప్రాక్టీసులు, చిన్న క్లినిక్‌లు ఇచ్చే పోస్ట్‌డాక్‌లు ఈ వ్యవస్థలో కనిపించడం తక్కువ, ఎక్కువగా మార్చి తర్వాతే ప్రకటనలు వస్తాయి. ఫిబ్రవరిలో ఏమీ రాకపోతే కుంగిపోకుండా అటు చూడండి. చేరే ముందు సూపర్‌వైజర్ లైసెన్స్, వారానికి సూపర్‌విజన్ గంటలు, ఆ గంటల్ని మీ రాష్ట్ర బోర్డు లెక్కలోకి తీసుకుంటుందా లేదా అన్నవి రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.