శీఘ్రస్ఖలనం మందు రోజూ వాడేవాళ్లు జాగ్రత్త, షాపువాడి మాట మీద స్ట్రిప్ మార్చకండి

దిల్‌సుఖ్‌నగర్ వైపు మందులు కొనేవాళ్లు ముఖ్యంగా చదవండి. షాపు పేరు రాయను, ఇది ఒక్క షాపు సంగతి అయితే కదా.

నాకు డాక్టరు రాసింది పారోక్సెటిన్, రోజుకొకటి. అసలు అది డిప్రెషన్ మందు, స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి దీనికీ రాస్తారు. బాగానే పనిచేసింది, కోరిక కాస్త తగ్గిందన్నమాట నిజమే కానీ ఏడాదికి పైగా ఇబ్బంది లేకుండా నడిచింది. పోయిన నెల ఎప్పుడూ కొనే షాపుకి వెళ్తే స్టాక్ లేదని చెప్పి, కౌంటర్‌లో కుర్రాడు ఇంకో స్ట్రిప్ తీసి "దానికంటే ఇది స్ట్రాంగ్ అన్నా, రోజుకొకటి వేస్కో" అన్నాడు. చీటీ అడగలేదు, బిల్లు ఇవ్వలేదు.

అది డాపోక్సెటిన్ (ఇదీ శీఘ్రస్ఖలనం మందే), సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే అంగస్తంభన మందు) కలిపిన మాత్ర. డాపోక్సెటిన్ రోజూ వేసుకునే మందే కాదు. అవసరమైన రోజు, కలయికకి ఒకటి నుంచి మూడు గంటల ముందు, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, 24 గంటల్లో ఒక్కటి దాటకూడదు. పైగా పారోక్సెటిన్ ఆపిన 14 రోజుల దాకా దాన్ని ముట్టుకోకూడదు, ఎందుకంటే రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీదే పనిచేస్తాయి. లేచి నిలబడగానే బీపీ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం డాపోక్సెటిన్‌కి ముందే ఉంది, సిల్డెనాఫిల్ కూడా బీపీ తగ్గించేదే. మంచం దిగగానే నాకు కళ్లు బైర్లు కమ్మాయి, గోడ దొరికింది కాబట్టి తల పగల్లేదు.

ఇంకోపక్క పారోక్సెటిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది కదా, ఆ బాధ వేరు. తల తిప్పితే లోపల కరెంటు షాక్ కొట్టినట్టు ఉండేది, కడుపులో తిప్పడం, ఇంట్లో అందరిమీదా చిరాకు, రాత్రంతా పిచ్చి కలలు. ఈ రకం మందుల్లో పారోక్సెటిన్‌కే ఇది ఎక్కువట, ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోతుంది. ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు డోసు మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందే. నా డాక్టరు కొత్త మాత్ర మాన్పించి పాతది మళ్లీ మొదలుపెట్టించారు, ఇప్పుడు ఫర్వాలేదు.

వెనక ఎవరైనా నిలబడి ఉంటే మనం గొంతు తగ్గించి అడుగుతాం, ఏం ఇచ్చాడో చూడకుండా జేబులో వేసుకుంటాం, వాళ్లకి కావాల్సిందీ అదే. స్ట్రిప్ మీద పేరు చదవండి, బ్రాండు పేరు కాదు, కింద చిన్నగా ఉండే మందు పేరు. గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ ఉన్నది అసలు వేసుకోకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. నొప్పులకి ట్రమడాల్ వాడుతున్నా డాపోక్సెటిన్ వద్దు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లమంటే "ఎర్రగడ్డ కేసా" అని నవ్వే ఫ్రెండ్స్ ఉంటారు, నవ్వనీయండి, ఈ మందుల సంగతి సైకియాట్రిస్ట్‌లకే బాగా తెలుసు. గాంధీలో, ఉస్మానియాలో కూడా చూపించుకోవచ్చు.

ఇవన్నీ చీటీ మీదే అమ్మాల్సిన మందులు. బిల్లు లేకపోయినా స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు ఫోటో తీసి పెట్టుకున్నాను, దాంతోనే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకి కంప్లైంట్ ఇచ్చాను.