తోటలో మోల్ చేరితే: పట్టడమా, తరమడమా, వదిలేయడమా? ఏది మేలు?

రాత్రికి రాత్రి లాన్ మీద నాలుగైదు మట్టికుప్పలు లేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో ఏదో ఒకటి కొనేసే ముందు, కింద తవ్వుతున్నది ఎవరో తేల్చుకోవాలి. నేల కింద సొరంగాలు తవ్వుకుని బతికే చిన్న జంతువు మోల్. దాన్ని చాలామంది పందికొక్కు లాంటిదే అనుకుంటారు. కానీ అది ఎలుకల జాతే కాదు, ఎలుకలా కనిపించినా ఎలుక కాని చుంచుకు దగ్గరి చుట్టం. పందికొక్కు గింజలూ దుంపలూ మేస్తుంది. మోల్ తినేది వానపాముల్ని, నేలలో దొరికే పురుగుల్ని. మొక్క జోలికి పోదు.

మరి దుంపలు కొరికింది ఎవరు? చాలాసార్లు ఎలుకలే. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవైనట్టు, మోల్ తవ్విన సొరంగాల్లో ఎలుకలు రాకపోకలు పెట్టుకుంటాయి. నింద మాత్రం తవ్వినదాని మీద పడుతుంది. మోల్ వల్ల జరిగే అసలు నష్టం వేరు: సొరంగం పైన ఉన్న వేళ్లకు మట్టి అందక లేత మొక్కలు వాడిపోతాయి, లాన్ అందం పోతుంది.

యూరప్ మోల్ బరువు వంద గ్రాములకు కాస్త అటూఇటూ. రోజుకు తన బరువులో సగం దాకా తింటుంది. సొరంగాలే దానికి వల. అందులోకి జారిన వానపాముల్ని ఏరుకుంటూ తిరుగుతుంది. ఎక్కువ దొరికితే తల దగ్గర కొరికి, ప్రాణం పోకుండా, కదలకుండా చేసి నిల్వ పెట్టుకుంటుంది. ఫ్రిజ్ లేకుండానే తాజా సరుకు! ఈ తిండి గొడవ అర్థమైతే ఏ ఉపాయం పనిచేస్తుందో సగం తెలిసిపోతుంది.

ముందు తరమడం సంగతి. నేలలో గుచ్చితే గుయ్యిమనే పరికరాలు అమ్ముతారు. అవి దండగ. పక్కనే వాహనాలు తిరిగే రోడ్డు అంచుల్లో కూడా మోల్స్ హాయిగా తవ్వుకుంటాయి, ఆ చిన్న మోతకు ఎందుకు బెదురుతాయి? ఆముదం కలిపిన మందులు కొంత నయం. అమెరికాలో తూర్పు మోల్ అనే రకం మీద కొన్ని వారాల పాటు పనిచేసినట్టు పరీక్షల్లో కనబడింది. అయితే మందు నేలలోకి ఇంకాలి, మళ్లీ మళ్లీ చల్లాలి. అన్ని రకాల మోల్స్‌కూ పనిచేస్తుందని నమ్మకం లేదు. పురుగులు లేకుండా చేస్తే మోలే పోతుందని పురుగుమందు కొట్టేవాళ్లూ ఉన్నారు. దాని అసలు తిండి వానపాము, కాబట్టి వేరుపురుగులు చచ్చినా అది కదలదు. మందుకు వానపాములూ చస్తే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

కచ్చితంగా ఫలితం ఇచ్చేది ట్రాప్ ఒక్కటే. కత్తెరలా పట్టేది, పైనుంచి గుచ్చేది, గొట్టంలా ఉండేది... రకాలున్నాయి. రకం కన్నా పెట్టే చోటు ముఖ్యం. సొరంగం వల్ల నేలపైకి ఉబ్బిన దారిని ఒకచోట కాలితో అణచండి. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ లేస్తే అది వాడుకలో ఉన్న దారి, ట్రాప్ అక్కడే పెట్టాలి. మట్టికుప్ప మీద పెట్టి లాభం లేదు. ప్రాణంతో పట్టే బోను దయగా కనిపిస్తుంది గానీ, తిండి లేకుండా మోల్ కొన్ని గంటలే బతుకుతుంది. పొద్దున పెట్టి సాయంత్రం చూద్దామంటే కుదరదు. చట్టం కూడా చూసుకోవాలి: జర్మనీలో మోల్ రక్షిత జంతువు, అనుమతి లేకుండా పట్టకూడదు, చంపకూడదు. బ్రిటన్‌లో మోల్స్‌కు పెట్టే స్ట్రిక్నిన్ విషాన్ని 2006లో ఆపేశారు.

ట్రాప్‌కున్న అసలు లోటు ఒకటుంది. మోల్ ఒంటరి జీవి, తన హద్దుల్లోకి ఇంకోదాన్ని రానివ్వదు. దాన్ని తీసేస్తే ఆ సొరంగాలు ఖాళీ ఇల్లే. పక్కది వచ్చి దిగుతుంది. కొత్తగా లాన్ వేస్తున్నవాళ్లయితే గడ్డి కింద వలలాంటి జాలీ పరవడం ట్రాప్ కన్నా మేలు. కుప్పలు పైకి లేవవు. పాత లాన్ పెకలించి మరీ వేయడం మాత్రం వృథా శ్రమ.

మామూలు తోటకు నా ఓటు వదిలేయడానికే. ఆటస్థలం, గుర్రాలు తిరిగే మైదానం అయితే వేరే సంగతి, అక్కడ ట్రాపే. 1702లో ఇంగ్లండ్ రాజు మూడో విలియం గుర్రం తడబడి ఆయన కిందపడ్డాడు, కొద్ది రోజులకే పోయాడు. గుర్రం కాలు పడింది మోల్ తవ్విన కుప్ప మీదేనని చెప్పుకుంటారు. రాజు శత్రువులు ‘నల్ల మఖమలు తొడుక్కున్న చిన్న పెద్దమనిషి’కి, అంటే మోల్‌కి, జై కొట్టి మందు తాగారట.

వదిలేసేవాళ్లు ఒక్క పని చేయాలి. కుప్పను తొక్కకండి, కింద గడ్డి ఊపిరాడక చస్తుంది. పారతో ఎత్తి కుండీల్లో వేసుకోండి. లోతునుంచి వచ్చిన మెత్తటి మట్టి, కలుపు గింజలు తక్కువ.